చిల్లర లేదంటే ఏం చేయాలి? ఆటిజం ఉన్న టీనేజీ పిల్లలకు నలుగురిలో మెలగడం నేర్పే తీరు

"అంకుల్‌కు నమస్తే పెట్టు బిడ్డా." ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లల్లో నలుగురితో మెలిగే చదువు చాలాసార్లు ఇక్కడ మొదలై ఇక్కడే ఆగుతుంది. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చేనాటికి పిల్లగాడు ఎవరు కనబడినా చేతులు జోడిస్తాడు. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడతాడు. నమస్తే నేర్పడం తప్పు కాదు. కానీ వాడి రోజు నమస్తేలతో గడవదు. కిరాణ దుకాణంలో, షేర్ ఆటోలో, మధ్యాహ్నం బెల్లు కొట్టినంక బడి వరండాలో, పెండ్లి భోజనాల కాడ, క్లాసు వాట్సాప్ గ్రూపులో గడుస్తుంది.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్లల్లో ఉంటూ, వారం వారం హైదరాబాద్ పోయి థెరపీ ఇప్పించలేని అమ్మానాన్నల కోసం, వాళ్ల పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాం. ముందుగా ఒక్క మాట. "అందరితో కలవాలి" అనేది లక్ష్యం కాదు, కోరిక. దాన్ని ఎక్కడ పట్టుకుని నేర్పాలో ఎవరికీ తెలియదు. "మూల మీది దుకాణంలో బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని రావాలి" అనేది లక్ష్యం. దానికి ఒక చోటు ఉంది, ఒక మనిషి ఉన్నాడు, ఒక పని ఉంది. ఈ మూడూ ఉన్నదాన్నే ముక్కలు చేసి నేర్పగలం.

ఇంకొకటి కూడా ముందే చెప్పుకోవాలి. చూసేవాళ్లకు ఆటిజం కనబడకుండా చేయడం కోసం నేర్పకండి. చేతులు ఊపుకోవడం ఆపించి, కండ్లలోకి చూడమని గదిమి, ఊగకుండా కూర్చోబెడితే పిల్లల బలమంతా అది దాచుకోవడానికే ఖర్చవుతుంది. ఎదుటివాళ్ల మాట వినడానికి ఏమీ మిగలదు. ఏళ్ల తరబడి అట్లా దాచుకున్నవాళ్లలో ఆందోళన, దిగులు, విపరీతమైన అలసట ఎక్కువగా కనబడుతున్నాయని ఆటిజం ఉన్న పెద్దలే చెబుతున్నారు, పరిశోధనలూ చెబుతున్నాయి. అయినా కండ్లలోకి చూడాలనే పట్టుదల మనకెందుకు? పెద్దవాళ్లు మాట్లాడుతుంటే గుడ్లప్పగించి చూడొద్దనే కదా మన ఇండ్లల్లో చెప్పేది. మాట్లాడే మనిషి వైపు భుజాలు తిప్పి నిలబడితే చాలు. చూపు నేల మీదున్నా ఫర్వాలేదు.

దుకాణం: ఒక్క పని, ఆరు ముక్కలు

గల్లీలో ఉన్న, కూర్చునే మనిషి మారని దుకాణం ఎంచుకోండి. పిల్లగాడిని తీసుకుపోవడానికి ముందురోజు మీరొక్కరే పోయి దుకాణదారుతో మాట్లాడండి. "అన్నా, రేపటి సంది మా వాడొస్తడు. వానికి మాట రానీకె జర టైం పడ్తది. మనసుల పది లెక్కపెట్టుకునేదాక ఆగు. వాడు అడగకముందే ఇయ్యకు." ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి. జాలిపడి ముందే చేతిలో పెట్టే మనిషి దగ్గర పిల్లలకు అడిగే అవసరమే రాదు, కాబట్టి అడగడమూ రాదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య దుకాణం ఖాళీగా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి పోవద్దు. కొనే వస్తువు వాడికి ఇష్టమైనది, ఎప్పుడూ దొరికేది, ఒకే ధర ఉన్నది కావాలి. 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అనుకుందాం. మొదట్లో సరిగ్గా 10 రూపాయలే ఇచ్చి పంపండి, చిల్లర గొడవ తర్వాత చూద్దాం.

ఇప్పుడు పనిని ముక్కలు చేయాలి. గల్లా ముందు చేయి చాపినంత దూరంలో ఆగాలి. ముందున్నవాళ్ల బేరం అయ్యేదాకా ఉండాలి. "అన్నా, బిస్కెట్" అనాలి. పైసలు ఇవ్వాలి. ప్యాకెట్ తీసుకోవాలి. "వస్తనన్నా" అని మళ్లాలి. మొత్తం ఆరు ముక్కలు. వీటిని చివరి నుంచి వెనక్కి నేర్పండి. మొదటి మూడు నాలుగు రోజులు అన్నీ మీరే చేసి, ప్యాకెట్ తీసుకుని "వస్తనన్నా" అనే ముక్క మాత్రం వాడికి వదలండి. తర్వాత పైసలిచ్చే ముక్క కలపండి. ఆ తర్వాత అడిగే ముక్క. ఇట్లా చేస్తే ప్రతిసారీ పని వాడి చేతుల మీదుగానే పూర్తవుతుంది, చేతిలో ప్యాకెట్‌తో ఇంటికొస్తాడు. ముందు నుంచి మొదలుపెడితే రెండో ముక్క దగ్గరే ఆగిపోయి రోజూ ఓడిపోయి వస్తాడు.

రెండో ముక్క మన దుకాణాల్లో అంత తేలిక కాదు. "నీ వంతు వచ్చేదాక ఆగు" అని నేర్పితే వాడు అరగంట ఆగుతాడు, ఎందుకంటే ఇక్కడ వరుసే లేదు. భుజాల మీదుగా నోట్లు చాపి, ఒకరి మాట మీద ఇంకొకరు అడుగుతుంటారు. కాబట్టి నేర్పాల్సిన నియమం వేరే ఉంది: దుకాణదారు ముందున్న మనిషి చేతికి సామాను ఇచ్చిన క్షణంలో నోటున్న చేయి ముందుకు చాపి గట్టిగా అడగాలి. వినిపించుకోకపోతే మనసులో ఐదు లెక్కపెట్టి ఇంకోసారి. మూడోసారి కూడా కాకపోతే "అన్నా, నేను ముందొచ్చిన" అనాలి. ఈ మాట పుస్తకంలో ఉండే మర్యాదకు సరిపోకపోవచ్చు. గల్లీలో మాత్రం ఇదే మర్యాద.

నేర్పేటప్పుడు చాలామంది అమ్మలు చేసే పొరపాటు చెవిలో "అడుగు, అడుగు" అని గొణగడం. నోటితో ఇచ్చే ఆసరా తీసేయడం అన్నిటికన్నా కష్టం. ఆ గొణుగుడు కూడా పనిలో ఒక ముక్కగా మారిపోయి, అది వినబడేదాకా పిల్లలు కదలరు. దానికి బదులు అరచేయంత అట్టముక్క మీద ఆరు బొమ్మలో, ఆరు మాటలో రాసి వాడి చేతికివ్వండి. మీరు వాడి వెనకాల, కనబడకుండా నిలబడి, ఆగిపోతే వేలితో అట్ట మీద చూపించండి. మాట్లాడకండి. చూపించే ముందు పది సెకన్లు ఓపిక పట్టండి. పది సెకన్లంటే నిలబడి చూసేవాళ్లకు చాలా ఎక్కువ అనిపిస్తుంది, కానీ విన్న మాటను మనసులో సర్దుకుని జవాబు తయారుచేసుకోవడానికి చాలామంది పిల్లలకు అంత సమయం కావాలి. మధ్యలో మీరు మళ్లీ అడిగితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత మెల్లగా దూరం జరగండి. ఇయ్యాళ పక్కన, వచ్చే వారం దుకాణం మెట్ల కింద, ఆ పై వారం మీ ఇంటి గేటు దగ్గర.

ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు ఆడించండి. ఒకరోజు నాన్న దుకాణదారు, ఇంకోరోజు అక్క. క్యాలెండర్ మీద ముక్కకో టిక్కు పెట్టండి. వరుసగా మూడుసార్లు ఆసరా లేకుండా చేస్తే ఒక్కటి మార్చండి, ఒక్కటే: వస్తువు గానీ, వేళ గానీ, దుకాణం గానీ. ఒక దుకాణంలో వచ్చిన పని ఇంకో దుకాణంలో రాకపోవడం ఆటిజంలో మామూలే. మొండితనం కాదది, మరిచిపోవడమూ కాదు. పచ్చ బోర్డున్న దుకాణంలో నేర్చుకున్నది ఎర్ర బోర్డున్న దుకాణానికి కూడా పనికొస్తుందని వాడి మనసు తనంతట తాను చెప్పదు. కనీసం మూడు దుకాణాల్లో చేయిస్తేనే అది పని వచ్చినట్లు.

ఇక అసలు పరీక్ష. ఒకరోజు దుకాణదారు "అయిపోయింది తమ్మీ" అంటాడు. లేకుంటే "చిల్లర లేదు, చాక్లెట్ తీస్కో" అంటాడు. ఈ ఒక్క మాట దగ్గరే నెల రోజుల కష్టం కూలిపోతుంది. పిల్లగాడు అరుస్తాడు, జనం చుట్టూ చేరతారు, ఆ రోజు నుంచి అమ్మ వాడిని బయటికి తీసుకుపోదు. ముందే నేర్పాలి. అట్ట వెనకవైపు రాయండి: "లేదంటే, ఇంకో బిస్కెట్ అడుగు. అదీ లేదంటే ఇంటికి రా. ఇంట్లో తింటానికి ఉంటది." చిల్లర లేదంటే "రేపు తీస్కుంటన్నా" అనో, చాక్లెట్ తీసుకుంటాననో వాడే తేల్చుకోవచ్చు. రెండూ సరైనవేనని చెప్పండి. ఇంట్లో ఆటలో నాలుగైదుసార్లు "అయిపోయింది" అనండి. తర్వాత దుకాణదారుతో మాట్లాడుకుని, మీరు దగ్గరున్న రోజున కావాలనే ఒకసారి అనిపించండి. ఫోనుతో పైసలు కొట్టినప్పుడు గల్లా మీద డబ్బా ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది కదా, దానికి కూడా ముందే అలవాటు చేయండి. కొందరు పిల్లలు దుకాణానికి రామని మొరాయించేది మనుషులకు జంకి కాదు, ఆ డబ్బాకు జంకి.

మన మాటల్లో చెప్పని నియమాలు

ఆటిజం గురించి వచ్చే పుస్తకాలు, వీడియోలు చాలావరకు ఇంగ్లీషు సమాజానివి. మన దగ్గర పిల్లలను తికమక పెట్టేవి వాటిలో ఉండవు.

గల్లీలో ఎవరైనా "తిన్నవా?" అంటే అది పలకరింపు. పొద్దటి నుంచి ఏమేం తిన్నాడో వరుసగా చెప్పనక్కరలేదు. "తిన్న పెద్దమ్మా, నువ్వు?" చాలు. ఇల్లు కదిలేటప్పుడు "పోతున్న" అనొద్దు, "పోయొస్త" అనాలి. ఎందుకని అడిగితే, "పోత" అంటే మళ్లీ రానట్లు వినబడుతుందని చెప్పండి. కారణం చెబితే ఈ పిల్లలు నియమాన్ని గట్టిగా పట్టుకుంటారు. "చెప్పినట్టు చెయ్" అంటే పట్టుకోరు. బడిలో, ఆసుపత్రిలో, ఆఫీసులో "మీరు". ఇంట్లో, గల్లీలో వరస పెట్టి "నువ్వు": తాతా నువ్వు, అన్నా నువ్వు. యూట్యూబ్ చూసి మాటలు నేర్చిన పిల్లలు తోటి క్లాసువాడిని కూడా "మీరు" అంటారు, క్లాసంతా నవ్వుతుంది. ఎవరికి ఏది అనే పట్టీ రాసి గోడకు అంటించండి. కొత్త మనిషి కలిసినప్పుడల్లా ఆ పేరును పట్టీలో చేర్చండి.

భోజనం కాడ ఇంకో చిక్కు. చుట్టాలింట్లో "ఇంకొంచెం" అంటే మనం మొదట వద్దంటాం, వాళ్లు మళ్లీ అడుగుతారు, మూడోసారి వడ్డిస్తారు. వద్దంటే వద్దనే అర్థమని నమ్మే పిల్లకు ఇది దాడిలాగా ఉంటుంది. నచ్చని కూర వేస్తే "ఇది బాగలేదు" అని ఉన్నమాట చెప్పేస్తుంది. నేర్పాల్సింది ఒక మాట, ఒక చేత: విస్తరి మీద అరచేయి అడ్డం పెట్టి "కడుపు నిండింది చిన్నమ్మా" అనడం. ఎన్నిసార్లు అడిగినా అదే చేయి, అదే మాట. చిన్నమ్మకు కూడా చెప్పండి, రెండోసారి అడగొద్దని. ఎప్పుడూ పిల్లే మారాలా? బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే, తనకూ ఆటిజం ఉన్న పరిశోధకుడు 2012లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. ఆటిజం ఉన్నవాళ్లు మిగతావాళ్లను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, మిగతావాళ్లు వాళ్లను అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతే నిజమని, లోటు రెండు వైపులా ఉందని. మన విషయంలో ఆ రెండో వైపు అంటే చిన్నమ్మ, దుకాణదారు, క్లాసు టీచరు.

మేనరికపు పరాచికాల గురించి గట్టిగానే చెప్పాలి. "ఏం అల్లుడా, మా పిల్లను చేసుకుంటవా?" అని మేనత్త నవ్వుతుంది. పదహారేళ్ల పిల్లగాడు దాన్ని మాటిచ్చినట్లు తీసుకుంటాడు. మర్నాటి నుంచి ఆ పిల్లకు రోజుకు ముప్పై మెసేజులు పెడతాడు. తర్వాత తిట్లు తినేది వాడే. ఈ పిల్లల ముందు వరసల పరాచికాలు మానేయమని ఇంటింటికీ చెప్పండి. వాడికి కూడా ఒక నియమం ఇవ్వండి: పెండ్లి మాట అమ్మానాన్న కూర్చోబెట్టి చెబితేనే నిజం, నవ్వుతూ అన్నది లెక్క కాదు.

లంచ్ బెల్లు కొట్టినంక

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టీనేజీ పిల్లల కోసం తయారైన పీర్స్ అనే కార్యక్రమంలో వారానికో పాఠం పిల్లలకు ఒక గదిలో చెబుతారు, అదే పాఠం పక్క గదిలో తల్లిదండ్రులకు చెబుతారు. ఆ రెండో గది మనకు చాలా అవసరం. వారంలో గంట నేర్చుకున్నది మిగతా ఆరు రోజులు ఇంట్లో చేయించేవాళ్లు లేకపోతే నిలవదు.

అందులో నేర్పే ఒక పని మన బడి వరండాకు బాగా సరిపోతుంది: మాట్లాడుకుంటున్న గుంపులో చేరడం. రెండడుగుల దూరంలో ఆగు. ఏం మాట్లాడుకుంటున్నారో విను. క్రికెట్ మ్యాచ్ గురించా, సార్ ఇచ్చిన హోంవర్క్ గురించా? మాటల మధ్య సందు దొరికితే ఆ విషయం మీదే ఒక్క మాట కలుపు. వాళ్లు నీ వైపు తిరిగి చోటిస్తే ఉండు. ఇవ్వకపోతే "సరే, నేను పోయొస్త" అని మళ్లిపో. చివరిది నేర్పడం మరవొద్దు. గుంపు చోటివ్వకపోవడం రోజూ అందరికీ జరిగేదే, వాడికి మాత్రమే కాదు.

బస్సు నంబర్లో, ట్రాక్టర్ మోడళ్లో, ప్రాజెక్టుల గేట్లో, ఏదో ఒకదాని గురించి గంటలకొద్దీ చెప్పే పిల్లలు ఉంటారు. ఆ ఇష్టాన్ని ఆపకండి. వాడికి దోస్తు దొరికేది దాని గుండానే. రెండు మాటలు నావి, ఒక ప్రశ్న అవతలివానిది అనే లెక్క నేర్పండి. "ఈ బస్సు నాగార్జునసాగర్ పోతది. మాల్ ఊరి మీంచి పోతది. నువ్వెప్పుడన్న పోయినవా?" అవతలివాడు ఫోను తీశాడా, "సరే సరే" అంటున్నాడా, పాదాలు అటు తిప్పాడా అనే మూడు గుర్తులను ఇంట్లో నటించి, ఫోనులో అరనిమిషం వీడియో తీసి చూపించండి. వాడు బాగా చేసిన ముక్కను కూడా తీసి వాడికే చూపిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. కోపంతో అరిచిన వీడియో మాత్రం ఎప్పుడూ తీయకండి, ఎవరికీ పంపకండి.

వెక్కిరిస్తే ఏం చేయాలి? "పట్టించుకోకు" అని చెబితే వాళ్లు ఇంకా రెచ్చిపోతారు. "సార్‌తో చెప్త" అంటే చిన్నచిన్న వాటికి ఎగతాళి రెండింతలవుతుంది. చిన్న జవాబు ఒకటి పక్కాగా నేర్పండి: "అయితే ఏంది?" భుజం ఎగరేసి అని అక్కణ్నుంచి కదలడమే. దీన్ని ఇంట్లో ముఖం మామూలుగా పెట్టుకుని ఇరవైసార్లు అనిపించండి. ఏడుపు గొంతుతో అంటే పనిచేయదు. ఇది మాటలతో చేసే వెక్కిరింతకే. కొట్టినా, పైసలు గుంజుకున్నా, బట్టలు లాగినా, బాత్రూంలో తలుపేసినా అదే రోజు పెద్దవాళ్లతో చెప్పాలి. ఏది ఏ గంపలోకి వస్తుందో చీటీలు రాసి, రెండు డబ్బాల్లో వేయించి నేర్పండి.

వద్దు అనడం, ముట్టుకోవడం

మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ఆలస్యం కావొద్దు. తొమ్మిది, పదేళ్లకే మొదలుపెట్టాలి. ఆరేళ్ల పిల్లగాడు మెత్తగా ఉందని ఎవరిదో చీర కొంగు పట్టుకుంటే ముద్దుచేస్తారు. పద్నాలుగేళ్లకు అదే చేయి చాపితే బస్టాండులో కొడతారు. వాడి ఉద్దేశం మారలేదు, ఒళ్లు మాత్రం పెరిగింది. ఇది వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

పెద్ద చార్టు మీద ఒకదాని చుట్టూ ఒకటి ఐదు గీరలు గీయండి. నడుమ వాడి ఫోటో. మొదటి గీరలో అమ్మ, నాన్న, తోబుట్టువులు: కౌగిలించుకోవచ్చు, అదీ ఇద్దరికీ ఇష్టమైతేనే. రెండో దాంట్లో అమ్మమ్మ, తాత, మేనమామ లాంటి దగ్గరివాళ్లు: చేయి పట్టుకోవచ్చు. మూడోది దోస్తులు, టీచర్లు: చేయి కలపడం, నమస్తే. నాలుగోది దుకాణదారు, కండక్టర్, ఆటో అన్న: మాట మాత్రమే. ఐదోది తెలియనివాళ్లు: పలకరింపు కూడా అక్కరలేదు. ఫోటోలు అంటించండి, పేర్లు రాయడం కన్నా నయం. మెత్తని గుడ్డ కావాలంటే జేబులో చిన్న ముక్క పెట్టండి. చేతులకు పని దొరికితే కొంగు మీదికి పోవు.

ఒంటరిగా చేసుకునేవి, నలుగురిలో చేసేవి వేరు చేయండి. లుంగీలో చేయి పెట్టుకునే పిల్లగాడిని కొడితే ఆగదు, దాచుకుంటాడు. "ఇది తప్పు" అనకండి. "ఇది తలుపేసుకుని, నీ గదిలో, ఒక్కడివే ఉన్నప్పుడు" అని చెప్పండి. ఆడపిల్లకు నెలసరి రాకముందే ప్యాడ్ కట్టుకోవడం నేర్పండి. ప్యాడ్ మీద ఎర్రరంగు నీళ్లు పోసి చూపిస్తే ఆ రోజు రక్తం చూసి హడలిపోదు. శారీ ఫంక్షన్, ధోతి ఫంక్షన్ తప్పదనుకుంటే జనాన్ని తగ్గించి గంటలో ముగించండి. పిల్లకు పడకపోతే మానేయండి. పసుపు తడి, పట్టుచీర గరగర, ఫోటో లైట్లు, ఒకరి తర్వాత ఒకరు బుగ్గలు ముట్టుకోవడం, ఇవన్నీ ఒకేసారి మీద పడితే పెద్దవాళ్లకే తట్టుకోవడం కష్టం.

"వద్దు" అనే మాటను ఇంట్లో గౌరవించండి. రోజూ ఒక్కసారైనా పిల్లలు వద్దన్నది ఆగిపోవాలి: చక్కిలిగింత, దువ్వెన, ఇంకో ముద్ద. చెప్పినదానికల్లా తలూపే పిల్ల మంచి పిల్ల అనిపించుకుంటుంది కానీ, ఎవరేం చేసినా చెప్పలేని పిల్ల కూడా ఆ పిల్లే అవుతుంది. ఆడపిల్లల్లో ఆటిజాన్ని ఆలస్యంగా గుర్తుపట్టడానికి కూడా "నెమ్మదస్తురాలు" అనే ఆ మెచ్చుకోలు ఒక కారణం. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు పిల్లలందరికీ రక్షణ. నియమం తెలియక ఇంకొకరిని ముట్టుకున్న పదిహేనేళ్ల పిల్లగాడి మీద కూడా అదే చట్టం కింద ఫిర్యాదు రావచ్చు. పిల్లలకు ఆపద వస్తే 1098కి ఫోన్ చేయండి.

ఫోను విషయంలో మూడు నియమాలు చాలు. జవాబు రాకముందు రెండో మెసేజ్ మించి పంపొద్దు. ఒంటి ఫోటో ఎవరడిగినా పంపొద్దు, మాకు చూపించాలి. ఓటీపీ, పైసలు అడిగితే దోస్తు కాదు.

గుంపుగా నేర్పడం

ఊళ్లో నలుగురైదుగురు పిల్లలు దొరికితే వారానికోసారి గంటన్నర కూర్చోబెట్టండి. ఆరుగురు దాటొద్దు. గోడ మీద ఆ రోజు వరుస రాసి పెట్టండి, అయినదాన్ని అయినట్టు కొట్టేయండి. ముఖాముఖి కూర్చోబెట్టి "మాట్లాడుకోండి" అంటే గుంపు చెదిరిపోతుంది. నడుమ పని ఉండాలి. ఒకరు చెప్పాలి, ఒకరు అందించాలి, ఒకరు కట్టాలి, పది నిమిషాలకోసారి వంతు మారాలి. మన దగ్గర దీనికి బతుకమ్మను మించిన పని లేదు. ఒక పిల్ల వరుస చెబుతుంది: కింద తంగేడు, దాని మీద గునుగు, ఆ పైన బంతి. ఒక పిల్లగాడు అడిగిన పువ్వు అందిస్తాడు. ఇంకొకరు తాంబాళంలో పేరుస్తారు. అడగకుండా అందించొద్దు, చెప్పకుండా పేర్చొద్దు, ఇదొక్కటే నియమం. పని సాగాలంటే ఒకరి మాట ఇంకొకరు వినక తప్పదు. చప్పట్ల వలయంలో కూడా చాలామంది ఇష్టంగా తిరుగుతారు, తర్వాతి అడుగు ముందే తెలుసు కాబట్టి. డీజే మొదలైతే మాత్రం పక్కకు తీసుకుపోండి, లేదా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టండి.

మాటలు రాని పిల్లలను గుంపు నుంచి తీసేయకండి. బొమ్మల పుస్తకమో, ఫోనులో నొక్కితే మాట్లాడే యాపో వాళ్ల గొంతు. "తంగేడు ఇవ్వు" అనే బొమ్మను వేలితో చూపడం కూడా అడగడమే. బయటికి పోయేటప్పుడు మెడలో కార్డు వేయండి: "నాకు ఆటిజం ఉంది. నాతో మెల్లగా మాట్లాడండి, జవాబుకు ఆగండి." వెనక ఇంటి ఫోన్ నంబరు.

కాగితాల పని క్లుప్తంగా చెబుతాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ కోసం ఇసా అనే 40 అంశాల కొలమానంతో చూస్తారు, 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజంగా లెక్క. దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు తీసుకోండి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. 18 నిండాక గార్డియన్ అవసరమైతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడ వాళ్లకు నేర్పే టీచర్‌ను (ఐఈఆర్పీ అంటారు) కలవండి. మరీ లోతుగా చూపించుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎన్ఐఈపీఐడీ అనే సంస్థ ఉంది.

దసరా రోజు

జమ్మి ఇచ్చిపుచ్చుకోవడానికి వారం ముందు నుంచి ఇంట్లో తయారుకండి. జమ్మి ఇంకా చేతికి రాకపోతే వేపాకుతో ఆడండి. తలుపు కొట్టడం, చెప్పులు విడవడం, పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి "బంగారం తీస్కో తాతా" అనడం, కాళ్లకు మొక్కడం, ఒక అడుగు వెనక్కి వేయడం. ఆ వెనకడుగు కావాలనే పెట్టింది. మన దగ్గర మొక్కిన వెంటనే అలయ్ బలయ్ అని గట్టిగా హత్తుకుంటారు, కొందరు పిల్లలకు ఆ ఒత్తిడి నొప్పిలాగా ఉంటుంది. హత్తుకోవడం ఇష్టమున్నవాళ్లు ముందుకొస్తారు, లేనివాళ్లు వెనకడుగు వేసి చేయి చాపుతారు. ముందురోజే చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: "రేపు మా వాడు జమ్మి పట్టుకొని వస్తడు. వాడు చేయి చాపితే చేయి కలపండి, హత్తుకోకండి. మార్కులు అడగకండి. కొత్త బస్సుల గురించి అడిగితే మస్తు చెప్తడు."

ఐదు ఇండ్లు, ఇంటికి పది నిమిషాలు. పేర్లు వరుసగా చీటీ మీద రాసి వాడి జేబులోనే పెట్టండి, ఒక్కో ఇల్లు కాగానే వాడే కొట్టేస్తాడు. మొదటిది వాడికి బాగా ఇష్టమైనవాళ్ల ఇల్లు కావాలి, చివరిది కూడా. మధ్యలో ఎక్కడైనా చెవులు మూసుకుంటే, ఒకే మాట పదే పదే అనడం మొదలుపెడితే అక్కడితో ఆపి మళ్లండి, మిగతా ఇండ్లకు తెల్లారి పోవచ్చు. అంతా బాగా సాగి ఐదో ఇల్లు అయినా సరే నేరుగా ఇంటికే రండి, ఆరో ఇంటివాళ్లు వాకిట్లో నిలబడి పిలిచినా.